ఆషాఢం దాకా ఆగేవారికి ధర వేయడం ఎలా?

శ్రావణంలో పెళ్లి ఉన్న ఇంట్లో పట్టుచీరలు ఆషాఢంలోనే కొనిపెట్టుకోవడం తెలుగునాట మామూలే. ఆ నెలలో ముహూర్తాలు ఉండవు, గిరాకీ పడిపోతుంది. బట్టల దుకాణాలు తగ్గింపు బోర్డులు కట్టేది అందుకే. కానీ ఏటా అదే నెలలో ధర దిగుతుందని తెలిశాక, తొందర లేనివాళ్లు జ్యేష్ఠంలో ఎందుకు కొంటారు?

బోస్టన్‌లోని ఫైలీన్స్ దుకాణం 1909లో ఈ ఎదురుచూపునే వ్యాపారంగా మార్చుకుంది. కింది అంతస్తులో ప్రతి సరుకు మీదా అమ్మకానికి పెట్టిన తేదీ ఉండేది. దుకాణం తెరిచిన రోజులు 12 గడిస్తే ధరలో పావు వంతు, 18 గడిస్తే సగం, 24 గడిస్తే ముప్పావు తగ్గేది. 30 రోజులకూ అమ్ముడుపోనిది ధర్మసంస్థలకు వెళ్లేది. ఇంత బాహాటంగా చెప్పినా జనం అందరూ చివరి రోజు దాకా ఆగలేదు. నచ్చిన కోటు ఒక్కటే ఉంటే, ఆగేలోపు పక్కావిడ పట్టుకుపోవచ్చు కదా! దాన్ని వేరే బట్టల గుట్ట కింద దాచి, ధర తగ్గాక వచ్చే గడుసువాళ్లూ ఉండేవారట.

సరుకు దండిగా ఉంటే ఆ భయం ఉండదు. ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1972లో ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లారు: ఏళ్ల తరబడి మన్నే వస్తువును ఒకే ఒక్కరు అమ్ముతున్నా సరే, రేపు తగ్గిస్తారని కొనేవాళ్లు పసిగడితే ఈరోజు ఎక్కువ ధర నిలవదు.

దుకాణాలు కనిపెట్టిన విరుగుడు ఒకటుంది: రేపు తగ్గించబోయే మొత్తాన్ని ఈరోజే ధర మీద పెంచి వేయడం. అమెరికాలో జేసీ పెన్నీ అనే దుకాణాల సంస్థ ఈ దారిలో ఎంత దూరం వెళ్లిందంటే, దాని సరుకులో దాదాపు ముప్పావు వంతు సగం ధరకో అంతకన్నా తక్కువకో అమ్ముడయ్యేది. యాపిల్ దుకాణాలను నడిపి, దీనికి అధిపతిగా వచ్చిన రాన్ జాన్సన్ 2012 ఫిబ్రవరిలో కూపన్లు, సేల్‌లు చాలావరకు ఎత్తేసి, మొదటే తక్కువ ధర వేశారు. ఏడాదిలో అమ్మకాలు సుమారు పావు వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన పదవి పోయింది, కూపన్లు తిరిగొచ్చాయి. దీన్ని చూపి కొనేవాళ్లు అమాయకులనడం నాకు సబబుగా తోచదు. చొక్కా అసలు విలువెంతో దుకాణంలో నిలబడి ఎవరు చెప్పగలరు? గీత కొట్టేసిన పాత ధరే వాళ్లకున్న కొలత. ఆ కొలతను రాసేది వ్యాపారే కావడమే అసలు చిక్కు.

ఐరోపా సమాఖ్య నిబంధన 2022 మే నుంచి దీని మీదే పడింది. తగ్గింపు ప్రకటించేవారు, సాధారణంగా అంతకుముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలి. మన దేశంలో ప్యాకెట్ సరుకుల మీద అన్ని పన్నులూ కలిపి ఎమ్మార్పీ ముద్రించడం 1990 సవరణతో తప్పనిసరైంది. దాన్ని మించి అమ్మకూడదు. అయితే ఆ అంకె వేసేది ప్రభుత్వం కాదు, తయారీదారు. కొన్ని మందుల వంటివి మినహాయిస్తే ఎంతైనా వేసుకోవచ్చు. ఆన్‌లైన్ పండగ సేల్‌లో అడ్డగీత కింద కనిపించేది చాలాసార్లు ఆ అంకే.