పప్పు తింటే చీము పడుతుందా? ఇన్‌ఫ్లమేషన్ మీద మన డెల్టా అపోహలు

"డాక్టరుగారూ, నా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందంటండీ, ఏం మానెయ్యమంటారు?" ఫోన్లో వీడియోలు చూసి వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఎవరిని చూసినా మానెయ్యడం గురించే అడుగుతారు. పాలకొల్లు అయినా, అమలాపురం అయినా మనకి జబ్బంటే ముందు గుర్తొచ్చేది పథ్యమే. అందుకే రోజూ వినే మాటల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇన్‌ఫ్లమేషన్ అంటేనే జబ్బు.

కాదు. ఇన్‌ఫ్లమేషన్ అంటే గాయానికో క్రిమికో మన ఒళ్లు ఇచ్చే జవాబు. ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రబడి, వేడెక్కి, వాచి సలుపుతోందంటే తెల్లకణాలు అక్కడికి చేరి పని మొదలుపెట్టాయన్నమాట. అది జరక్కపోతే గాయం మానదు. చిక్కల్లా పైకి ఏమీ తెలియకుండా ఏళ్ల తరబడి సన్నగా సాగేదానితోనే. గుండెజబ్బులోనూ షుగరులోనూ దాని పాత్ర ఉంది.

అపోహ: కుట్లున్నప్పుడు పప్పు, గుడ్డు, వంకాయ తింటే చీము పడుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. సిజేరియన్ అయిన పిల్లకి రోజుల తరబడి కారప్పొడి అన్నం, బ్రెడ్డు ముక్కలు పెడతారు. బిడ్డకి పాలివ్వాల్సింది కూడా ఆ పిల్లే! చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలు, చచ్చిన క్రిములు, కరిగిన కండ. క్రిమి చేరితే చీము పడుతుంది, పప్పు తింటే కాదు. గాయం పూడాలంటే కొల్లాజెన్ (కండని అతికించి పట్టి ఉంచే పీచు) తయారవ్వాలి. దానికి ప్రొటీను కావాలి, విటమిన్ సి కావాలి. అంటే పప్పు, గుడ్డు, చేప, నిమ్మకాయ, జామకాయ. మనవాళ్లు మాన్పించేవి సరిగ్గా ఇవే.

కుట్లు చెడేది అదుపులో లేని షుగరు వల్ల, పొగతాగడం వల్ల, తడిసిన కట్టు మార్చకపోవడం వల్ల, చేతులు కడుక్కోకుండా ముట్టుకోవడం వల్ల. ఇదంతా చెబితే పిల్ల తలూపుతుంది, పక్కనున్న మామ్మగారు ఊపరు. అందుకే నేను మామ్మగారితోనే బేరానికి దిగుతాను: "పోనీ పలచగా పప్పుకట్టు పోసి పెట్టండి మామ్మగారూ." దానికి సగం ఒప్పుకుంటారు. రెండో రోజుకి గుడ్డు గురించి అడగొచ్చు.

అపోహ: పులుపు, దుంపలు తింటే బోదకాలు వాపు పెరుగుతుంది.

బోదకాలు తెచ్చేది క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగు. అది లింఫు నాళాల్ని (ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్ని) పాడుచేస్తుంది, వాపు దానివల్లే. మధ్యమధ్య చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా ఉబ్బి మండుతుందే, దానికి కారణం పచ్చిపులుసు కాదు. వేళ్ల సందులు పాచిపోయి, చీలికల్లోంచి బాక్టీరియా లోపలికి వెళ్లడం. ఊడ్పులప్పుడు రోజంతా బురదలో నిలబడేవాళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. రోజూ సాయంత్రం సబ్బుతో కాలు కడిగి, వేళ్ల మధ్య మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దుకుని, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకుంటే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. సందుల్లో తెల్లగా ఒరిసిపోతే పూత మందు కావాలి. చింతపండు మానినందువల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: అన్నమే అసలు దోషి.

మన పొలాల్లో దశాబ్దాలుగా పండిన స్వర్ణ (ఎంటీయూ 7029) మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షల్లో దాని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగరు ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) తక్కువవైపే వచ్చింది. కాబట్టి బియ్యాన్ని తిట్టకండి, కంచం వైపు చూడండి. కొండంత అన్నం, గరిటెడు కూర, తిన్నాక ఒక కునుకు. అలా పొట్ట లోపల పేరుకునే కొవ్వు ఊరికే ఉండదు. ఇన్‌ఫ్లమేషన్‌ని పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు వదులుతుంది, వాటికి స్పందించి కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీను తయారుచేస్తుంది. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటిందంటే జాగ్రత్తపడాలి. కొలిచే టేపు ఏ ప్యాకేజీ టెస్టుకన్నా చవక.

టెస్టు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ సీఆర్‌పీని రక్తంలో సూక్ష్మంగా కొలిచే పరీక్ష హెచ్‌ఎస్-సీఆర్‌పీ. అది లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే గుండె ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే ముందు ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతకాలి, తగ్గాక మళ్లీ చేయించాలి. జలుబుతో వెళ్లి పరీక్ష చేయించుకుని, రిపోర్టు పట్టుకుని వంకాయ మానేసినవాళ్లున్నారు! రక్తం కారే చిగుళ్లు, చుట్ట, బీడీ, రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లకి కాపలా కాస్తూ పోగొట్టుకునే నిద్ర, ఇవన్నీ సీఆర్‌పీని పెంచేవే. వీటి గురించి ఎవరూ అడగరు.

అపోహ: పసుపు మాత్రలు మింగితే అంతా తగ్గిపోతుంది.

పసుపులో అసలు పదార్థమనే కర్క్యుమిన్ సుమారు 3 శాతమే, అందులోనూ పేగులు పీల్చుకునేది స్వల్పం. కూరలో పసుపు హాయిగా వేసుకోండి. ఎక్కువ మోతాదు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం వైద్య పత్రికలకెక్కాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు అడక్కుండా వేసుకోవద్దు.

బెల్లం పూతరేకులు మంచివా, పంచదారవా? రెండూ చక్కెరే. పండక్కి రెండు తినండి.

అపోహ: ఒమేగా-3 అనే మంచి కొవ్వు కావాలంటే పులసే తినాలి.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఒమేగా-3 కోసమైతే పుస్తెలమ్మక్కర్లేదు, సముద్రపు కవళ్లలోనూ కానాగంతల్లోనూ అది బోలెడుంది. చెరువు బొచ్చె, శీలావతిలో అది తక్కువే గానీ ప్రొటీనుకి లోటు లేదు. ఏదైనా వేపుడు కన్నా పులుసు మేలు.

అపోహ: ఇంజక్షన్ పొడిపించుకున్నాక నొప్పులు పోయాయి, జబ్బు కుదిరింది.

ఊళ్లో కీళ్లనొప్పులకి నెలనెలా పొడిచే సూదుల్లో చాలావాటిలో ఉండేది డెక్సామెథజోన్ లాంటి స్టెరాయిడ్. నొప్పి మాయమైనట్టే ఉంటుంది. ఈలోగా షుగరు, బీపీ పెరుగుతాయి, ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. మందు అవసరమైన కీళ్లవాతం గుర్తించక ముందే కీలు పాడైపోతుంది. సూది పొడిచాక ఖాళీ సీసాని ఫోన్లో ఫొటో తీసుకుని తీసుకురండి. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి, ప్రాణం మీదకి వస్తుంది. డాక్టరు చూస్తుండగా మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.