పండ్ల ఈగ కన్ను

హనుమకొండ

బిడ్డలూ,

పోయిన ఎండాకాలం మామిడి టెంకల బుట్ట మీద ముసిరిన చిన్న ఈగలను సీసాలో పట్టి భూతద్దం కింద చూపించాను కదా. "తాతా, వీటికి కండ్లకలక వచ్చిందా?" అని చిన్నోడు అడిగేసరికి మీ బస్సు టైమైంది. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నా.

జబ్బేం కాదు. ఆ ఈగ ఒక్కో కన్ను దాదాపు 750 చిట్టి కండ్ల కూర్పు. ఒకదాని వెలుగు పక్కదానిలోకి పోకుండా ఎర్రరంగు అడ్డుగోడలా నిలుస్తుంది. 1910లో అమెరికాలో థామస్ హంట్ మోర్గన్ అనే శాస్త్రవేత్తకు ఎర్రకండ్ల ఈగల నడుమ ఒక తెల్లకండ్ల మగ ఈగ కనబడింది. దాని మనవల తరంలో తెల్లకండ్లు మళ్లీ వచ్చాయి, అదీ మగవాటికే. అలా ఆ జన్యువు ఆడ-మగ తేడాతో ముడిపడ్డ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. ఎర్రరంగుకు కావలసిన ఆ జన్యువు పేరు 'వైట్'! చెడిపోతే ఏమవుతుందో చూసి పేరు పెట్టారు.

అయితే, చూసేది ఆ ఎరుపు కాదు. వెలుగును పట్టేది రోడాప్సిన్ అనే వేరే పదార్థం. అందులో రెండు భాగాలు. ఒకటి ప్రోటీన్, దాన్ని తయారుచేయించేది నినా-ఇ అనే జన్యువు. రెండోది తిండిలోని కెరోటిన్ (విటమిన్ ఎకు మూలమైన రంగు పదార్థం) నుంచి రావాలి, ఆ కెరోటిన్‌ను కోసే ఎంజైమ్‌కు నినా-బి అనే ఇంకో జన్యువు కావాలి. కెరోటిన్ లేని తిండి పెట్టి పెంచితే ఈగ కన్ను ఎప్పటిలాగే ఎర్రగా ఉంటుంది, రోడాప్సిన్ మాత్రం బాగా తగ్గిపోతుంది. జన్యువే చెడితే ఎంత కెరోటిన్ పెట్టినా ఆ లోటు తీరదు.

మన కంట్లోనూ రోడాప్సిన్ ఉంది. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది, తిండితో, మందుతో నయమవుతుంది. కానీ రోడాప్సిన్ జన్యువులోనో, కంటికి కావలసిన మరో జన్యువులోనో లోపముంటే వచ్చే రేచీకటి వేరు.

మా ఊళ్లో నా దోస్తు ఒకడు పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. గోడ తడుముకుంటూ నడిచేవాడు. "పిల్లోడికి ఆకుకూర పెడతలేవా?" అని అందరూ వాళ్లమ్మనే అనేవాళ్లు. ఆమె రోజూ మునగాకు, తోటకూర వండేది. కార్జం తెచ్చి పెట్టేది. చూపు రాలేదు. వాడి మేనమామకూ అదే తిప్పలు, ఎవరూ ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. పెద్దయ్యాక డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోజా అన్నారు, పుట్టుకతో వచ్చిన జన్యులోపమని చెప్పారు. అప్పటికి వాళ్లమ్మ లేదు. తన వంటలోనే ఏదో తక్కువైందనుకుంటూనే పోయింది.

మీ తాత