కొండ ఇచ్చే కొలతలు

చిరంజీవులకు,

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట కింద గ్రానైట్, దాని మీద పలకలు పేర్చినట్టు క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి) కనిపిస్తాయి. రెంటి వయసుకూ మధ్య కోట్ల ఏళ్ల తేడా. సొరంగం తవ్వేవాళ్లు జంకేది ఇలాంటి అతుకుల దగ్గరే. రాయి మారేచోట పగుళ్లు, పగుళ్లలో నీళ్లు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే తవ్వకానికి ముందుగా 20, 30 మీటర్ల దాకా సన్నటి బెజ్జం వేసి చూస్తారు. అందులోంచి బురదనీళ్లు తన్నుకొస్తే పేల్చడం ఆపాల్సిందే.

పేల్చాక పొగ పోయేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. వెళ్లాక మొదటి పని, కప్పుకు వేలాడే వదులు రాళ్లను రాల్చడం. కడ్డీతో తడితే గట్టి రాయి కంగుమంటుంది, వదులుది డొల్లగా మోగుతుంది. ఆ తర్వాతే షాట్‌క్రీట్ (గోడల మీద చిమ్మే కాంక్రీటు), రాక్‌బోల్టులు (రాతిలోకి దింపే ఉక్కు కడ్డీలు).

ఇక అసలు సంగతి. కప్పులో, రెండు గోడల్లో గుర్తులు బిగించి వాటి దూరాలు రోజూ కొలుస్తారు. తవ్విన సొరంగం కాస్త లోపలికి కుంచించుకోవడం మామూలే. మొదటిరోజు 5 మిల్లీమీటర్లు, తర్వాత 3, ఆపైన 1 వచ్చిందనుకోండి, కొండ సర్దుకుంటోంది. అదే 1, 1, 2, 3 అని వస్తే? మొత్తం 7 మాత్రమే, ముందుదానికన్నా తక్కువ. అయినా పరుగెత్తాల్సింది ఇప్పుడే, ఎందుకంటే కదలిక నెమ్మదించడం లేదు.

ఈ కదలిక ఎంతకు చేరితే పని ఆపాలో తవ్వకముందే రాసిపెట్టుకుంటారు. సింగపూర్‌లో మెట్రో కోసం నికోల్ హైవే పక్కన తవ్విన లోతైన గొయ్యి 2004 ఏప్రిల్ 20న కూలి నలుగురు చనిపోయారు. గోడ అనుకున్నదానికన్నా ఎక్కువ వంగుతోందని కొలతలు ముందే చెప్పాయి. పని ఆపాల్సింది పోయి, మళ్లీ లెక్కలు వేసి హద్దునే పెంచారు. చివరికి గోడలకు ఆనించిన ఉక్కు దూలాల అతుకులు చేతులెత్తేశాయి. అతుకుల డిజైన్ తప్పే, కాదనను. కానీ నన్నడిగితే హద్దు పెంచడం అంతకన్నా పెద్ద తప్పు.

ఉత్తరాఖండ్ సిల్క్యారా సొరంగంలో 2023 నవంబరు 12న కూలిన రాళ్ల వెనక 41 మంది చిక్కుకున్నారు. 17వ రోజుకి బయటికొచ్చారు. కూలిన రాళ్లలోంచి గొట్టం దింపడానికి తొలుస్తున్న ఆగర్ యంత్రం (పెద్ద బర్మా లాంటిది) విరిగిపోయాక, మిగిలిన కొన్ని మీటర్లూ ఆ గొట్టంలో దూరి చేతులతో తవ్వారు. రాయి బలహీనంగా ఉన్నచోట మనిషి పాకేంత లావు గొట్టాన్ని ముందే పరచి ఉంచడం మేలు. తవ్వకం జరిగేకొద్దీ దాన్నీ ముందుకు జరపాలి, పాతచోటే వదిలేస్తే దండగ. లోపలికెళ్లే ప్రతివాడి పేరు బిళ్ల ద్వారం దగ్గర బోర్డుకు తగిలించాలి. లేకపోతే ఎంతమంది చిక్కుకున్నారో తేల్చడానికే గంటలు పోతాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య, తిరుపతి