సోవియట్ పునాది, అమెరికా బేరం: హైదరాబాద్ ఫ్యాక్టరీల్లో మన విదేశాంగ విధానం

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు వేసిన జరిమానా. మందులను మినహాయించారు కాబట్టి హైదరాబాద్ పారిశ్రామికవాడలు ఊపిరి పీల్చుకున్నాయి. అమెరికాకు మాత్రలు పంపి బతుకుతున్న ఆ పరిశ్రమ ఇక్కడ వేళ్లూనుకున్నది మాత్రం సోవియట్ సాయంతో!

ఏ కూటమిలోనూ చేరబోమని నెహ్రూ 1946 సెప్టెంబరులోనే రేడియోలో చెప్పారు. చెప్పడం తేలికే, మందులు ఎక్కడి నుంచి రావాలి? పాశ్చాత్య కంపెనీలు ఇక్కడ మందులు అమ్ముకోవడానికి చూపిన ఉత్సాహం మూలరసాయనం నుంచి తయారు చేయడంలో చూపలేదు. మాస్కో ముందుకొచ్చింది. 1961లో ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ ఏర్పడింది. రిషికేశ్‌కు యాంటీబయాటిక్స్, హైదరాబాద్‌కు సింథటిక్ మందుల కర్మాగారం దక్కాయి. బాలానగర్‌లోని ఆ కర్మాగారమే ఒక తరం రసాయన శాస్త్రవేత్తలకు బడి అయింది. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ఉత్పత్తికి బదులు తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం, అదే మందును వేరే పద్ధతిలో చేసుకునే వీలిచ్చి, మిగతా దారి తెరిచింది.

ఇక 1962. ఆగస్టులో మిగ్-21 యుద్ధవిమానాల కోసం సోవియట్‌తో ఒప్పందం, అక్టోబరులో చైనా దాడి, నవంబరులో విమానాలు పంపమంటూ అమెరికా అధ్యక్షుడు కెనడీకి నెహ్రూ లేఖలు. ఏ కూటమిలోనూ చేరని అలీన విధానాన్ని పూజించేవారూ తిట్టిపోసేవారూ ఈ నాలుగు నెలలను చప్పున దాటేస్తారు. నా లెక్కలో అది సిద్ధాంతం కన్నా అవసరాల చిట్టా. మిగ్ విమానం నాసిక్‌లో, ఇంజిను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ హైదరాబాద్ శాఖలో తయారయ్యాయి. కానీ 1970లో కంచన్‌బాగ్‌లో పెట్టిన భారత్ డైనమిక్స్ మొదట చేసింది ఫ్రెంచి ట్యాంకు విధ్వంసక క్షిపణి. రష్యా కొంకుర్స్ క్షిపణి తరువాత వచ్చింది. పక్కనే ఉన్న ప్రత్యేక లోహాల కర్మాగారం మిధానికి లోహవిద్య ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల నుంచి అందింది. 1971లో సోవియట్‌తో మైత్రీ ఒప్పందం కుదిరాక కూడా కంచన్‌బాగ్ ఒకే దేశపు గుమ్మానికి కట్టుబడలేదు.

1998 అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షల జాబితాలో భారత్ డైనమిక్స్, క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ రెండూ చేరాయి. పదేళ్లకు, 2008 అక్టోబరులో అమెరికాతో అణు ఒప్పందంపై సంతకాలైన నెలలోనే, బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకుంది. 2011లో ఆ రెండు పేర్లూ జాబితా నుంచి తొలగాయి. ఇప్పుడు ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. రష్యాతో కలిసి చేసే బ్రహ్మోస్ క్షిపణిని కూర్చే కేంద్రమూ ఈ నగరంలో ఉంది.

ఒకే గుమ్మాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాం అలీఖాన్‌ను ఓడించినప్పుడు ఇంగ్లిషువారు చేతులు కట్టుకుని చూశారు. నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్ పటాలాలను పెంచుకున్నాడు. 1798లో రేమండ్ చనిపోయాడు. అదే ఏడు సైన్య సహకార ఒప్పందం కింద ఆ పటాలాలను రద్దు చేయించి ఇంగ్లిషు సైన్యం వచ్చి కూర్చుంది. దాని ఖర్చు కింద 1800లో నేటి రాయలసీమలో చాలా భాగం, బళ్లారి ఈస్టిండియా కంపెనీకి వెళ్లిపోయాయి. దత్తమండలాల కథ అదే. రేమండ్ సమాధి మలక్‌పేట దగ్గర ఇంకా ఉంది.

అందుకే నన్ను కలవరపెట్టేది సుంకం కన్నా, మాత్రల్లో వాడే ముడిమందుల లెక్క. ఐడీపీఎల్ 1992లో ఖాయిలా పరిశ్రమగా తేలింది. పెన్సిలిన్-జి వంటి ముడిమందులను చైనా కారుచౌకగా అమ్మేసరికి ఇక్కడి తయారీదారులు ఒక్కొక్కరే చేతులెత్తేశారు. నేడు ముడిమందుల దిగుమతుల్లో మూడింట రెండు వంతులకు పైగా చైనావే. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగినప్పుడు కూడా ఆ సరుకు రాక ఆపుకొనే స్థితిలో మనం లేము. ప్రభుత్వ ప్రోత్సాహకంతో కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి తయారీ 2024లో మళ్లీ మొదలైంది. చైనా ధరకు తట్టుకుని అది ఎన్నాళ్లు నడుస్తుందన్నది ఏ శిఖరాగ్ర సమావేశమూ తేల్చే విషయం కాదు.