ఒక్కడినే కూర్చుని డ్రాగన్‌తో ఆడాను

పిల్లలూ,

మీరు వదిలేసి వెళ్లిన, డ్రాగన్ నుంచి కోటను కాపాడే పాచికల ఆట పెట్టె తెరిచాను. "అది నలుగురూ ఒక జట్టుగా ఆడేది కదా తాతయ్యా, ఒక్కడివే ఎలా ఆడతావు?" అన్నారు. ఇప్పటికి 11 సార్లు ఆడాను. 4 సార్లు కోట నిలబడింది, 7 సార్లు డ్రాగన్ కూల్చేసింది.

ఒకరినొకరు ఓడించుకునే ఆట కాదు కాబట్టే ఇది ఒంటరిగా కుదురుతుంది. చదరంగంలో అటూ ఇటూ నేనే ఆడితే నా ఎత్తు నాకు ముందే తెలిసిపోతుంది. ఇక్కడ డ్రాగన్ ఏం చేయాలో కార్డు మీద రాసి ఉంది, ఎప్పుడు చేయాలో పాచిక చెబుతుంది. దాని వంతు వచ్చినప్పుడల్లా నాకు నిజంగానే గుండె దడదడలాడుతుంది.

వీరుణ్ణి ఒక్కణ్ణే తీసుకోకండి, ఆట చప్పబడిపోతుంది. ఎవరి కోసం ఎవరు త్యాగం చేయాలన్న తర్జనభర్జనే దీనికి ప్రాణం. అందుకే నేను విలుకత్తెకు ఎర్ర పాచికలు, మంత్రగాడికి నీలివి ఇచ్చి ఇద్దరి తరఫునా ఆడతాను. ఒకరి వంతు ముగిశాకే రెండోవారి పాచికలు ముట్టుకుంటాను. నలుగురిలో ఆడేటప్పుడు గట్టిగా మాట్లాడేవాళ్లు అందరి ఎత్తులూ చెప్పేస్తారు, చూశారుగా. ఒంటరిగా ఆ గొడవ లేదు కానీ, "వద్దు, అలా చేయకు" అనే గొంతూ ఉండదు. ఆ గొంతు నేనే తెచ్చుకుంటాను. "నీ బిళ్ల నాకిస్తావా?" అని విలుకత్తె తరఫున పైకే అడుగుతాను.

నిన్న రాత్రి సంగతి చెబుతాను. డ్రాగన్ ఇంకొక్క దెబ్బకు పడిపోతుంది. గోడకు ఒకే ఒక్క రాయి మిగిలింది. విలుకత్తె చేతిలో ఉన్నది ఒక్క పాచిక, అయిదో ఆరో పడాలి. ఆరు ముఖాల్లో రెండు, అంటే మూడింట ఒక వంతు. మంత్రగాడి దగ్గర బిళ్ల ఉంది. దానితో గోడకు ఇంకో రాయి పెట్టొచ్చు, లేదా విలుకత్తె పాచికను మళ్లీ వేయించొచ్చు. రెండుసార్లు వేస్తే అవకాశం రెట్టింపై మూడింట రెండొంతులు అవుతుందనిపిస్తుంది. కాదు! రెండుసార్లూ తప్పే అవకాశం తొమ్మిదింట నాలుగు. గెలిచేది తొమ్మిదింట అయిదు, సగానికి కాస్త పైన. చాలాసేపు ఆలోచించి వేయించాను.

మొదట రెండు. మళ్లీ వేస్తే నాలుగు. కోట పోయింది.

ఇలాంటి లెక్కలనే 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచి గణితవేత్తలు ఉత్తరాల్లో చర్చించుకున్నారు. పాచికను నాలుగుసార్లు వేస్తే ఒక్కసారైనా ఆరు పడే అవకాశం 1296లో 671 అని అప్పుడే తేల్చారు. మీరూ కాగితం మీద వేసి చూడండి. ఒక్కసారి కూడా పడని దారులెన్నో ముందు లెక్కపెడితే తేలిక.

ఇంకొకటి చెప్పాలి. మొదటి రోజుల్లో ఒకసారి ఒకటి పడితే, ఎవరూ చూడట్లేదని పాచిక మళ్లీ వేశాను. డ్రాగన్ చచ్చింది. నాకు సంతోషం లేదు. ఆ ఆటను పైన చెప్పిన 11లో కలపలేదు. అప్పటినుంచి ఏం చేయబోతున్నానో పైకి చెప్పాకే పాచిక వేస్తున్నాను. పెట్టె మూతను బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి అందులోనే వేస్తాను. బయట పడితే ఏ ముఖం కనిపించినా చెల్లదు, ఆరైనా సరే.

నిన్నటి ఆటలో ముక్కలన్నీ ఎక్కడివక్కడే ఉంచాను. మంత్రగాడి బిళ్లను మాత్రం తిరిగి అతని ముందు పెట్టాను. మీరొచ్చాక నీలి పాచికలు మీవి. ఆ బిళ్లను గోడకు వాడతారో, విలుకత్తెకు ఇస్తారో చెప్పండి, అక్కణ్ణుంచే మళ్లీ ఆడదాం.

మీ
తాతయ్య