రాయలవారికి వెల్వెట్ కోటు ఎందుకు కుట్టలేదంటే

తిరుపతిలో నాటకాలకు డ్రెస్సులు కుట్టే జట్టు మాది. ఒక కటింగ్ మాస్టరు, ఇద్దరు కుట్టేవాళ్లు, నగలూ టోపీలూ చేసే తమ్ముడొకడు, అద్దకం పనికి నేను. ఈమధ్య కృష్ణదేవరాయల నాటకం ఒకటి పూర్తి చేశాం. ఆ రెండు నెలలూ అందరి దగ్గరా విన్న మాటలే విన్నాను కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: రాజంటే వెల్వెట్ కోటు, చమ్కీ, ముక్కు తిరిగిన చెప్పులు.

ఇది పద్యనాటకాలూ సినిమాలూ మనకు అలవాటు చేసిన రాజు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ చూసిన రాయలు తెల్లబట్టల్లో ఉన్నాడు. వాటి మీద బంగారు గులాబీల కుట్టుపని, మెడలో వజ్రాల నగ, తలమీద జరీ టోపీ. కాళ్లకు మాత్రం ఏమీ లేవు. ఈ సంగతి చెబితే మా మాస్టరే నమ్మలేదు. "ఏందక్కా, రాజు చెప్పుల్లేకుండా యాడికి పోతాడు?" అన్నాడు.

చెప్పుల ఖర్చు మిగిలింది గానీ తెలుపుతో తిప్పలొచ్చాయి. స్టేజి లైట్ల కింద తెల్లబట్ట కళ్లలో పొడుస్తుంది, దాని పక్కన నటుడి ముఖం నల్లబడిపోతుంది. పంచెను పలచటి టీ డికాషన్‌లో ముంచి ఆరేశాం. హాల్లో కూర్చున్నవాళ్లకు తెల్లగానే కనిపిస్తుంది, ముఖమూ తేటగా ఉంటుంది.

అపోహ: నెట్‌లో బొమ్మలు చూసుకుంటే చాలు.

మనకు అసలు నమూనా కొండమీదే ఉంది. శ్రీవారి ఆలయంలో మహాద్వారం దాటగానే, తిరుమలదేవి, చిన్నాదేవిలతో చేతులు జోడించి నిలబడిన రాయల విగ్రహం. లోపలికి ఫోను తీసుకుపోకూడదు, క్యూ మనకోసం ఆగదు. అందుకని నలుగురం పని పంచుకుని వెళ్లాం. టోపీ ఒకరు, పంచెకట్టు ఒకరు, నగలు ఒకరు, దేవేరుల చీరకట్టు ఒకరు. "జరగండి, జరగండి" అంటుండగా దొరికినంత చూసి, బయటికొచ్చి ఓ చెట్టుకింద కూర్చుని గీసుకున్నాం. కాయితాలు పక్కపక్కన పెడితే రాయలకు పైబట్ట ఎవరూ గీయలేదు. దేవుడి ముందు ఆయన అలాగే నిలబడ్డాడు మరి. కొలువు సీను డ్రెస్సుతోనే గుడి సీనూ లాగించేద్దామనుకున్నాం. ఆ ఆలోచన అక్కడే మానుకున్నాం.

అపోహ: టోపీదేముంది, అట్టతో చుట్టేయొచ్చు.

దాని పేరు కుళ్లాయి. పొడుగ్గా, పైకి సన్నబడుతూ ఉంటుంది. లేపాక్షి చిత్రాల్లో కావలసినన్ని కనిపిస్తాయి. మేమూ మొదట అట్టమీద జరీగుడ్డ అంటించాం. రిహార్సల్లో రాయలు నమస్కారానికి వంగగానే ఊడి, దొర్లుకుంటూ అప్పాజీ (మంత్రి తిమ్మరుసు) కాళ్ల దగ్గర ఆగింది. బరువంతా పైనే ఉంది, పట్టు లేదు. రెండోసారి పైభాగం ఒక వరుస బక్రంతో (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) తేలిగ్గా కుట్టి, కింద 3 అంగుళాలు మాత్రం మందం చేశాం. లోపలి అంచుకు పాత బనీను గుడ్డ మడతపెట్టి కుట్టాం. శాటిన్ జారుతుంది, బనీను గుడ్డ చెమట పీల్చి నుదురును పట్టుకుంటుంది. తల కొలత విగ్గు పెట్టాకే తీసుకోవాలి. ఇది రాసుకోవడం మరిచిపోయి ఒక కుళ్లాయి మొత్తం విప్పి మళ్లీ కుట్టాం.

అపోహ: సైనికుల డ్రెస్సులు ఎవరు ఎప్పుడు చేసినా ఒకటే.

12 మంది సైనికులకు కావిరంగు బట్ట రెండు సాయంత్రాలు అద్దాం. మొదటి రోజు బట్టను నేను నానబెట్టి గంజి వదిలించాను. రెండో రోజు నేను లేను. కొత్త బట్టకున్న గంజి వదలకపోతే రంగు సరిగా పట్టదు. లైట్లేసి చూస్తే ఆరుగురు ఇటుక రంగు, ఆరుగురు బిస్కెట్ రంగు. డైరెక్టర్ గారు కాసేపు చూసి, "రెండో సైన్యం ఎవరిదమ్మా?" అన్నారు. ఇప్పుడు బట్టంతా ఒకేసారి ఉతికి, ఒకే డేగిసాలో అద్దకం. గోడమీద నోటుబుక్కు వేలాడుతుంది, ఎంత నీళ్లు, ఎంత రంగు, ఎంతసేపు అన్నీ అందులోనే. నోటి మాట చెల్లదు.

అపోహ: కలంకారీ వేస్తే పాతకాలం వచ్చేస్తుంది.

శ్రీకాళహస్తిలో కలంతో గీసి, కరక్కాయతోనూ తుప్పినుము బెల్లం కలిపి ఊరబెట్టిన నలుపుతోనూ చేసే పని వేరు, మార్కెట్లో మీటరు లెక్కన దొరికే ప్రింటు వేరు. పదో వరుసకు ఆ తేడా తెలియదు కాబట్టి చెలికత్తెలకు ప్రింటే వేశాం, దాచడమెందుకు. గులాబీ, పచ్చ నియాన్ రంగులు మాత్రం ఒప్పుకోను. రసాయన రంగులు మొదలైందే 1856 తర్వాత.

అపోహ: పాతకాలం డ్రెస్సులో జిప్పు పెడితే మోసం.

నిమిషంలోపల చీర మార్చాల్సిన రాణిని అడగండి! కుచ్చిళ్లు ముందే కుట్టేసి, నడుముకు కొక్కేలు పెడతాం. వెల్క్రో మాత్రం వద్దు. మొదటి షోలో అప్పాజీ గొంతు తగ్గించి రాజకీయం చెబుతుంటే, సైడ్‌వింగ్‌లోంచి తిరుమలదేవి చీర "చర్ర్" మని విప్పిన చప్పుడు మైకులో హాలంతా వినబడింది. ఆ రాత్రే కూర్చుని అన్నీ పీకేసి టిచ్ బటన్లు కుట్టాం.