అనుమతి లేకుండా తిరిగొచ్చిన బీవర్

నెల్లూరు జిల్లాలో చెరువు కింద సేద్యం చేసే రైతుకు కట్టలో బొరియ కనిపిస్తే నిద్ర పట్టదు. పందికొక్కు తవ్విన సందులోంచే నీళ్లు దారి చేసుకుంటాయి, కార్తీకంలో తుఫాను వానలకు అక్కడే గండి పడుతుంది. స్కాట్లాండ్‌లో టే నది ఒడ్డున సేద్యం చేసేవాళ్లకు గట్టులో బొరియలు తవ్వే బీవర్ అంటే ఎందుకు టెన్షనో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బీవర్ మన దేశంలో లేదు. ఎలుక, ఉడుతల వర్గానికి చెందిన జంతువే గాని ఇరవై, ముప్పై కిలోల దాకా తూగుతుంది. గడ్డి, ఆకు, చెట్టు బెరడు దాని తిండి. చేపల జోలికి పోదు. ముందు పళ్ల పైపొరలో ఇనుము ఉండడంతో అవి నారింజ రంగులో, చెట్టును కొరికి పడగొట్టేంత గట్టిగా ఉంటాయి. దాని ఇంటి వాకిలి నీటి అడుగున ఉంటుంది. వాగులో చాలినంత లోతు లేకపోతే కొమ్మలు, బురద, రాళ్లతో అడ్డుకట్ట వేసి లోతు పెంచుకుంటుంది.

బొచ్చు కోసం, మాంసం కోసం, తోక దగ్గరి గ్రంథుల్లో ఊరే కాస్టోరియం అనే వాసన ద్రవ్యం కోసం బ్రిటన్‌లో దాన్ని వేటాడి సుమారు 400 ఏళ్ల కిందట తుడిచిపెట్టేశారు. 2009లో నార్వే నుంచి కొన్నిటిని తెచ్చి, స్కాట్లాండ్‌లోని నాప్‌డేల్ అడవిలో ప్రభుత్వ అనుమతితో ట్రయల్‌గా వదిలారు. కానీ అప్పటికే టే నదిలో బీవర్లు పిల్లాపాపలతో తిరుగుతున్నాయి. అవి ఎక్కడినుంచో తప్పించుకున్నవి, లేదా ఎవరో చడీచప్పుడు లేకుండా వదిలినవి. వాటిని పట్టేయాలని 2010లో అధికారులు నిర్ణయిస్తే జనం ఒప్పుకోలేదు, 2012లో ఆ పని ఆపేశారు. ఇంగ్లండ్‌లో డెవాన్ ప్రాంతపు ఆటర్ నది దగ్గరా ఇదే జరిగింది. 2014లో తీసేస్తామన్నారు, ఊళ్లవాళ్లు అడ్డం తిరిగారు. చివరికి పట్టి, రోగపరీక్షలు చేసి, 2015లో అదే నదిలో వదిలారు. అయిదేళ్లు గమనించి 2020లో ఉండనిచ్చారు.

ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు డెవాన్‌లోనే కంచె వేసిన మరోచోట, చిన్న వాగు మీద బీవర్లు చేసిన 13 మడుగులను కొలిచారు. వాటిలో వంద టన్నులకు పైగా ఒండ్రు నిలిచి ఉంది. అందులో ఎక్కువ భాగం ఎగువ పొలాల నుంచి కొట్టుకొచ్చిన మట్టే. వరదనూ ఈ వరస నెమ్మదింపజేస్తుంది. మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు కలుజు దాటిన నీరు కింది చెరువుకు చేరినట్టు, ఒక్కో మడుగూ కాస్త నీటిని ఆపి నిదానంగా కిందికి వదులుతుంది.

అయితే ఆ అడ్డుకట్ట పల్లపు పొలం మురుగుకాలవలో పడితే పైరు మునుగుతుంది. గట్టులో బొరియ తవ్వితే గట్టు కుంగుతుంది. 2019 మేలో స్కాట్లాండ్ బీవర్‌కు చట్టరక్షణ ఇచ్చింది. అదే ఏడాది, డిసెంబరు లోపు, పొలాలకు నష్టమని ఇచ్చిన లైసెన్సుల మీద 87 బీవర్లను చంపారు. ఈ లెక్క నన్ను చాలా బాధపెట్టింది. అడ్డుకట్టలోంచి పైపు వేసి నీటిమట్టం తగ్గించొచ్చు, బీవర్లను పట్టి వేరేచోట వదలొచ్చు. అవి ముందే ఆలోచించాల్సిన పనులు. దొంగచాటుగా వదిలినవాళ్లు వాగుకు మేలే చేశారని నేను నమ్ముతున్నాను, కానీ ఒడ్డున పొలం ఉన్న మనిషిని ఒక్క మాటా అడగలేదు. దానికి మూల్యం రైతూ బీవరూ కూడా చెల్లించారు.

2025 మార్చిలో ఇంగ్లండ్‌లోని పర్బెక్‌లో, ట్రయల్‌గా కాకుండా, మొదటిసారి లైసెన్సుతో, కంచె లేకుండా బీవర్లను వదిలారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇలా కంచె లేకుండా ఎవరు వదలాలన్నా పదేళ్ల ప్రణాళిక ముందే చూపించాలి. టే ఒడ్డు రైతులు మొదటి నుంచీ అడిగింది ఇలాంటి ముందుచూపునే.